దామోదరం కడిగిన డ్రమ్ములు

తిరుత్తణి లోకల్ రైలు తిరునిన్రవూరు దాటకముందే చందన సీటు మారడం మొదలుపెట్టింది. కిటికీ పక్కన కూర్చుంటే ఎండ, నడవా పక్కన కూర్చుంటే సుండల్ గుగ్గిళ్ళు అమ్మేవాడి బుట్ట మోకాలికి కొట్టుకుంటోంది, నిలబడితే తండ్రి కనిపించడం లేదు, కూర్చుంటే తండ్రే కనిపిస్తున్నాడు. అసలు గొడవ సీటుతో కాదు. పొద్దున చెన్నై ఆసుపత్రిలో డాక్టరమ్మ అన్న మాట చెవిలో దూరిన చీమలాగా తిరుగుతోంది, తల విదిల్చినా పోవడం లేదు. తిరువళ్ళూరులో తను పనిచేసే కళ్ళద్దాల కొట్టు నుంచి ఫోన్ వస్తే కట్ చేసింది, మళ్ళీ వస్తే మళ్ళీ కట్ చేసింది.

ఎదుటి సీట్లో తండ్రి దామోదరం కుడిచేతిని ఎడమచేత్తో ఎత్తి ఒళ్ళో పడుకోబెట్టుకున్నాడు, ఎవరిదో పసిబిడ్డను కాసేపు పట్టుకోమంటే పట్టుకున్నట్టు. పోయిన ఏడు ఆ చెయ్యి చొక్కా గుండీ పెట్టలేనంది. తర్వాత చెంబు జారవిడిచింది. ఇప్పుడు నాలుక కూడా మందమై మాట ముద్దముద్దగా వస్తోంది, నీళ్ళు గుటక వేస్తే పొలమారుతోంది, చర్మం కింద పురుగు పాకినట్టు కండ అదురుతోంది. తల మాత్రం అద్దంలా ఉంది. అన్నీ తెలుస్తున్నాయి మనిషికి, అదే పెద్ద కష్టం.

డాక్టరమ్మ పేరు యశస్విని. చిన్న వయసే. మోటార్ న్యూరాన్ వ్యాధి అని పేరు చెప్పి, కండరాలకు పని చెప్పే నరాలు ఒక్కొక్కటే చచ్చుబడిపోతాయని తమిళంలో నెమ్మదిగా విడమరచి చెప్పి, ఆ తర్వాత ప్రశ్నలు మొదలుపెట్టింది. పొలంలో పురుగుమందు కొట్టారా? వెల్డింగ్ చేశారా? సీసంతో పని ఉందా? కరెంటు దెబ్బ తిన్నారా? తలకు దెబ్బ తగిలిందా? బీడీ? ఇంట్లో ఇంకెవరికైనా ఇలా వచ్చిందా? అన్నింటికీ అడ్డంగా తల ఊపిన దామోదరం ఏం పని చేసేవారని అడిగేసరికి మాత్రం నిటారుగా కూర్చున్నాడు. గుమ్మిడిపూండిలో డ్రమ్ములు కడిగే పని అన్నాడు.

ఫ్యాక్టరీల వెనక ఒక యార్డు అది. రంగుల కంపెనీ, జిగురు కంపెనీ, పురుగుమందుల కంపెనీ వాడి వదిలేసిన నీలం ప్లాస్టిక్ డ్రమ్ములు లారీల్లో వచ్చి పడతాయి. థిన్నర్ పోసి ఊపాలి, కాస్టిక్ సోడానీళ్ళు కొట్టాలి, మూతి కోసిన డ్రమ్ములోకి నడుము దాకా దూరి చీపురుతో రుద్దాలి, ఎండలో బోర్లించాలి. చివర్న తల లోపలికి పెట్టి గట్టిగా ఊపిరి పీల్చాలి. వాసన పోయిందా, డ్రమ్ము పాసు. ఆ యార్డులో దామోదరం ముక్కుకు ఎదురు లేదు. వారమంతా అక్కడే గదిలో ఉండి శనివారం ఇంటికొచ్చేవాడు, ఒక్కోసారి కుట్టియానై అని పిలిచే చిన్న ట్రాలీబండిలో తను కడిగిన మంచి డ్రమ్ములు వేసుకొచ్చేవాడు. కొళాయి రోజు విడిచి రోజు వచ్చే వీధి వాళ్ళది. ఇంటికొక డ్రమ్ము. తాగే నీళ్ళు అందులోనే.

"దానివల్లే వచ్చిందా డాక్టర్?" అని చందన సగం కుర్చీలోంచి లేచి అడిగింది.

"చెప్పలేనమ్మా. పురుగుమందులు, సీసం, థిన్నర్ లాంటి వాటి మధ్య పనిచేసినవాళ్ళకు కొంచెం ఎక్కువగా వస్తుందని కొన్ని పరిశోధనలు అంటున్నాయి. ఆ పని చేసినవాళ్ళలో చాలామందికి రాదు కూడా. ఏ ఫ్యాక్టరీ మొహం చూడనివాళ్ళకూ వస్తుంది. ఒక మనిషిని చూపించి, ఇదిగో ఇందువల్లే అని ఎవరూ చెప్పలేరు." అని, ఒక్క క్షణం ఆగి, "ఇంటికి తెచ్చిన డ్రమ్ముల్లో తాగే నీళ్ళా పెడుతున్నారు?" అని అడిగింది.

దామోదరం గర్వంగానే తల ఊపాడు.

"ఈ జబ్బు సంగతి పక్కన పెట్టండి. లోపల ఏం పోశారో తెలియని డ్రమ్ములో తాగేదీ తినేదీ ఏదీ పెట్టకూడదు. ఎంత కడిగినా సరే, ప్లాస్టిక్ పీల్చుకున్నది పోదు, పులుపు తగిలితే ఇంకా దిగుతుంది. ఇవాళే ఆపించండి."

ఇవాళే అంటే శుక్రవారం. ఎల్లుండి ఆదివారం. తమిళ ఆడి నెల ఆదివారం, గంగమ్మకు కూళు పోసే రోజు. వీధి వీధంతా ఇంటికింత రాగిపిండి వేసి, ముందురోజు కలిపి పులియబెట్టి, పొద్దున్నే కాచి, మునగాకు, ఎండుచేప పులుసు, పచ్చి ఉల్లిపాయతో పిల్లాజెల్లాకు, దారినపోయే వాళ్ళకు కూడా పోసే అంబలి. ఇన్ని ఇళ్ళ పిండి దేంట్లో పులుస్తుంది? నీలం డ్రమ్ముల్లోనే!

"నాయనా, కూళుపిండి ఆ డ్రమ్ముల్లోనే గదా పులబెట్టేది?"

దామోదరం కిటికీలోంచి తిరువళ్ళూరు ప్లాట్‌ఫారం వైపు చూశాడు. "బా...గా... కడి...గినా."

"కడిగితే పోదంట నాయనా. ప్లాస్టిక్కు పీల్చుకోనుంటాదంట. పులుపు తగిలితే ఇంగా దిగతాదంట."

"వాస...న లేదు," అన్నాడు దామోదరం, అంతటితో ఆ మాట ముగిసినట్టు కళ్ళు మూసుకున్నాడు. చందన లేచి తలుపు దగ్గరికి పోయి నిలబడింది, మళ్ళీ వచ్చింది, మళ్ళీ పోయింది.

ఇంటికొచ్చాక తల్లితో యుద్ధం. తల్లి కోకిల తిరుత్తణి గుడికొండ కింద పూలు అమ్ముతుంది. సాయంత్రం బేరానికి కదంబం కడుతూ, కూతురు చెప్పిందంతా వింది. పూలమధ్య వేళ్ళు ఆగలేదు, మాట మాత్రం ఆగి ఆగి వచ్చింది.

"డాక్టరు ఇదే అని చెప్పిందా?"

"చెప్పలా. కావచ్చు, కాకపోవచ్చు అనింది."

"చూసినావా! ఆమెకే తెలీనిది నీకెట్ల తెలిసె?"

"డ్రమ్ములో తాగొద్దని మాత్రం గట్టిగా చెప్పింది మా. ఈ ఆదివారం పిలకాయలంతా తాగతారు. ఇప్పుడే పోయి మునియమ్మత్తకు చెప్తా."

"కూర్చోమే!" కోకిల దారం తెంపింది. "వీధిలో మీ నాయనకుండే మర్యాద యాడినించి వచ్చిందనుకుంటా ఉండావు? ఆ డ్రమ్ముల్నించే. బిందెలు పట్టుకోని కొట్లాడుకునే వీధిలో ఇంటింటికీ తెచ్చి దించిన మనిషి. ఇప్పుడు లేసి చెంబు పట్టుకోలేడు, మాట తిరగదు. ఉండేది ఆ పేరొక్కటే. నువ్వు పోయి అది విషమంటే ఆయన మొగాన మన్ను కొట్టినట్టు గాదా? నేను నరాల వీక్‌నెస్ అని చెప్పి పెట్టినా. అట్లే ఉండనీ."

"తాగినోళ్ళకు ఏమన్నా అయితే?"

"ఇన్నేండ్లు తాగతానే ఉండారు, ఎవురికేమైంది?"

"నాయనకేమైంది?"

కోకిల పూలబుట్ట చంకన పెట్టుకుని వెళ్ళిపోయింది. లోపల నులకమంచం కిర్రుమంది. దామోదరం నిద్రపోవడం లేదని ఇద్దరికీ తెలుసు.

ఆ రాత్రంతా చందన ఫోన్‌లో చదువుతూనే ఉంది. పురుగుమందులని ఒకడు, సీసమని ఒకడు, లేదు లేదు బరువుపనని ఇంకొకడు, ఇవేవీ రుజువు కాలేదని అందరి కిందా ఒక వాక్యం. చదివేకొద్దీ మనసు కుదుట పడుతుందనుకుంది, పెనం మీద నీటిబొట్టు ఎగిరినట్టు ఎగిరింది. తెల్లవారగానే ముఖం కడిగీ కడక్కుండా మునియమ్మ పెరట్లోకి పరుగెత్తింది.

మునియమ్మ కూళు పనికి పెద్ద. ఆమె చెయ్యి పడందే పిండి పులవదని వీధిలో నమ్మకం, ఆమె నోరు పడందే పొద్దు గడవదని ఇంకో నమ్మకం. పెరట్లో మూడు నీలం డ్రమ్ములు నిలబెట్టి పసుపునీళ్ళతో కడుగుతోంది. పక్కన గోనెసంచుల్లో పిండి.

"ఏమ్మే చందనా, టౌన్‌లో కళ్ళద్దాలు అమ్మేదానివి, కూళు కలిపేది నేర్చుకుందామని వచ్చినావా? చీర కట్టుకోని రాగూడదా, గంగమ్మ భయపడిపోతాది నీ ప్యాంటు చూసి."

"అత్తా, ఈ తూరి డ్రమ్ములో వద్దు. కుండల్లో పెడదాం."

"కుండలా? యాడుండాయి కుండలు? కుండలు చేసే ముసిలాయన ఆవం ఆర్పేసి ఎన్నేండ్లాయె. ఈ పిండికంతా కుండలు పెట్టాలంటే నా పెరడు గాదు, బస్టాండు గావాల."

"షామియానా కొట్లో అండాలు బాడుగకు తెద్దాం."

"అల్మీని అండాలో పులుపు పెడితే తెల్లారేసరికి తారు మాదిరి అవతాది. వంట తెల్దు, పాడు తెల్దు, చెప్పేదానికి వచ్చేసింది." మునియమ్మ మోచెయ్యి దాకా డ్రమ్ములో పెట్టి రుద్దుతూనే ఉంది. "డ్రమ్ముకేమొచ్చింది మే? మీ నాయన కడిగిందే గదా. మీ నాయన ముక్కు పెట్టి సరి అన్నాడంటే ఇంగ సబ్బుకు కూడా పనుండదు."

"అట్ల గాదత్తా..."

"ఎట్ల మరి? సుమ్మా, ఊరికే వద్దంటే ఎట్ల? ఏమైందో నోరు తెరిచి చెప్పు."

ఏం చెప్పాలి? కొంచెం ఎక్కువగా వస్తుందట, కానీ చాలామందికి రాదట, రుజువు లేదట, అయినా వద్దట. చందన ఆ మాటలన్నీ నాలుక మీద పేర్చి చూసుకుంది. ఒక్కదానికీ కాళ్ళు లేవు, మునియమ్మ దాకా నడిచేటట్టు లేవు. ఈలోగా మునియమ్మ సంచి మూతి విప్పి మొదటి చేట పిండి తీసింది. చేట డ్రమ్ము మీదికి లేచింది. చందన నోట్లోంచి మాట దూకేసింది.

"డాక్టరమ్మ చెప్పిందత్తా! నాయనకు రోగం వచ్చింది ఈ డ్రమ్ము నీళ్ళు తాగబట్టే!"

చేట ఆగింది. డ్రమ్ము అంచు మీదున్న చెయ్యి కాలినట్టు వెనక్కొచ్చింది. ఒక్క నిమిషం చందనకు గెలిచినట్టే అనిపించింది. అంతలో మునియమ్మ తన అరచేతిని తిప్పి తిప్పి చూసుకుని, ఇంతవరకు చందన ఎన్నడూ వినని సన్నటి గొంతుతో అడిగింది.

"అంటే... మాకందరికీ వస్తాదా మే?"

వీధిలో మాటకు చెప్పులు అక్కర్లేదు. చందన ఇల్లు చేరేలోపే మాట ఇల్లు చేరింది. మధ్యాహ్నానికి గడప ముందు గుంపు. ఒకామెకు పొద్దున్నుంచి కాలు తిమ్మిరి. ఇంకొకాయనకు నిన్న అన్నం తింటుంటే పొలమారింది, అది ఎండుచేప ముల్లని పెళ్ళాం చెబుతున్నా వినడు. దామోదరం జతగాడు ఏకాంబరం, రైల్వేలో గ్యాంగు పని చేసి రిటైరైన మనిషి, బొటనవేలు ముందుకు చాపి పట్టుకుని వచ్చాడు, పూజారి ముందు హారతికి చాపినట్టు.

"చందనా, దీన్ని చూడు మా. అదరతా ఉండాదా? బావకు ఇట్లే మొదలాయెనా?"

"లేదు మామా, అది..."

"నేను డ్రమ్ము నీళ్ళు తప్ప వేరే తాగలా. సారాయిలో కలుపుకునేది కూడా అవే!"

"అయితే సారాయి చంపేసుంటాది లేన్నా ఆ విషాన్ని," అని ఎవరో అన్నారు. నవ్వు వచ్చింది, వచ్చినట్టే ఆరిపోయింది. వెనకనుంచి ఇంకో గొంతు లేచింది.

"నవ్వేదేంది? ఫ్యాక్టరీవోడు పారేసిన దరిద్రాన్ని తెచ్చి మన కొంపల్లో పెట్టినాడు. తెలిసే తెచ్చినాడో ఏమో!"

"వాసన చూసినా, సరిగ్గా ఉండాది అని చెప్పినాడే మనిషి! నా బిడ్డకు పాలపొడి కలిపినా ఆ నీళ్ళతో!" అంది చంకలో బిడ్డతో ఒక తల్లి.

కోకిల కొంగు నడుముకు దోపి తలుపు మూసేసింది. తలుపుకు వీపు ఆనించి, కూతురి వైపు చూసింది.  

"చందనా." లోపలి మంచం మీదనుంచి పిలుపు.

దామోదరం గోడకు ఆనుకుని కూర్చున్నాడు. అంతా విన్నాడు. మంచంపట్టె మీద ఎడమచెయ్యి బిగుసుకుని ఉంది.

"డాక్ట...రు... అట్ల... చెప్పిం...దా?"

చందన నేలమీద చతికిలపడింది. అబద్ధం మీద ఇంకో అబద్ధం పెట్టాలంటే ఇక బలం లేదు. "లేదు నాయనా. నేనే చెప్పినా."

"ఎం...దుకు?"

"నిజం చెప్తే ఎవురూ ఇనరని. పిండి పోసేస్తా ఉండింది నాయనా, చేట ఎత్తేసింది, నాకేం తోచలా."

దామోదరం గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. నవ్వో ఏడుపో వేరు చెయ్యలేని శబ్దం. ఈ జబ్బులో అట్లా ఔతుందని డాక్టరమ్మ చెప్పే ఉంది, అయినా చందన ముందుకు జరిగి ఆయన మోకాలు పట్టుకుంది. బయట ఎవరో తలుపు తట్టారు. తట్టుడు బాదుడైంది. కోకిల అక్కడినుంచి కదలలేదు.

"నేను... వి...షం... పంచి...నానా?"

"తెల్దు నాయనా." చందన ఏడుస్తోంది. "నిజంగా తెల్దు. ఎవురికీ తెల్దు. డ్రమ్ముల్లో ఏముండిందో నీకేమన్నా తెల్సా?"

ఆ ప్రశ్న ఆమె ఊరికే అడిగింది, ఏడుపులో. దామోదరం మాత్రం తనకు తనే లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు. తర్వాత గోడమీద వంకెకు తగిలించిన చొక్కా వైపు గడ్డంతో చూపించాడు.

"ఏస్...కో...వాల."

చొక్కా తొడిగి గుండీలు పెట్టింది చందన. తలుపు తెరిచేసరికి ఎదురుగా ఏకాంబరం, ఇంకా బొటనవేలు చాపుకునే ఉన్నాడు. దామోదరాన్ని చూడగానే ఆ చెయ్యి తనంతట తనే మామూలు చెయ్యి అయిపోయింది, ముందుకొచ్చి చంక కింద పట్టుకుంది. "యాడికి బావా? మెల్లిగా, మెల్లిగా." అటు ఏకాంబరం, ఇటు చందన, మధ్యలో ఈడుస్తున్న కుడికాలుతో దామోదరం. గుంపు పక్కకు తప్పుకుంది. అందరూ వెనకే నడిచారు.

మునియమ్మ పెరట్లో మూడు డ్రమ్ములూ అట్లాగే ఉన్నాయి, పిండి సంచుల్లోనే ఉంది. పొద్దు వాలితే పిండి కలిపే వేళ దాటిపోతుందని ఆమె అటూ ఇటూ తిరుగుతోంది. దామోదరాన్ని చూసి నడుం మీద చేతులు పెట్టింది.

"రాన్నా, రా. నీ కూతురు ఒకటి చెప్పె, ఊరు తొంబై చెప్తా ఉండాది. నాకవన్నీ వద్దు. నీ ముక్కు పెట్టి చూడు. సరి అంటే పోస్తా, కాదంటే పొయ్యను. అంతే."

చందన తండ్రి మొహంలోకి చూసింది. ఆయన సరి అంటే? రైల్లో అన్నమాటే మళ్ళీ అంటే?

దామోదరం డ్రమ్ము అంచు ఎడమచేత్తో పట్టుకున్నాడు. యార్డులో ఎన్ని వేలసార్లు వంగాడో అట్లాగే వంగబోయాడు, నడుము వంగలేదు, ఇద్దరూ పట్టి వంచారు. తల లోపలికి పోయింది. గట్టిగా పీల్చిన ఊపిరి డ్రమ్ములో బుస్సుమని మోగింది. దగ్గొచ్చింది. బయటికి తీశారు.

"వాసనుండాదా అన్నా?"

"లే...దు."

"చూసినారా!" మునియమ్మ గుంపు వైపు తిరిగి చప్పట్లు కొట్టినంత పని చేసింది. "లేదంట! ఇంగ నోర్లు ముయ్యండి, చేట తెండి..."

దామోదరం ఎడమచెయ్యి పైకెత్తాడు. అది ఎత్తడానికే మొహం ఎర్రబడింది.

"ము...క్కుకు... తెలీ...దు."

మునియమ్మకు అర్థం కాలేదు. "ఏందంటాడు?"

"ముక్కుకు తెలీదంట," అంది చందన.  దామోదరం అవునన్నట్టు తల ఊపి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఒక్కో మాట బావిలోంచి చేదినట్టు వస్తోంది. చందన అందుకుని గుంపుకు చేరవేస్తోంది, మధ్యలో తప్పు పలికితే ఆయన ఆగి, తల అడ్డంగా ఊపి, మళ్ళీ చెబుతున్నాడు.

"యార్డులో అట్లే చూస్తా ఉండినారంట. వాసన పోతే సరి అని మేస్త్రీ చెప్పినాడంట, ఈయన నమ్మినాడంట. లోపల ఏముండిందో ఎవురూ చెప్పలేదంట. లేబుళ్ళు చించేసి పంపిస్తా ఉండినారంట. చెయ్యి మండితే పురుగుమందు డ్రమ్ము అనుకునేది, కండ్లు తిరిగితే జిగురు డ్రమ్ము అనుకునేది. అంతే తెలుసంట. తెలీనిదాన్ని తెలిసినట్టు మీకిచ్చినాడంట."

 పిండి సంచి మీద వాలిన పిచ్చుకను తోలడం కూడా మునియమ్మ మర్చిపోయింది. దామోదరం మోచేత్తో కూతుర్ని పొడిచాడు.

"నువ్...వు. చె...ప్పు."

ఏం చెప్పాలో చందనకు తెలుసు. భూమిలోకి దూరిపోదామనిపించింది. కానీ కాళ్ళూ చేతులూ మాట వినని మనిషి ఇంతదూరం నడిచొచ్చి ఉన్న ఒక్క పేరునూ పెరట్లో పెట్టేశాక, తనదేం పోతుంది?

"డాక్టరమ్మ అట్ల చెప్పలా," అంది. "నేను అబద్ధం చెప్పినా. నాయనకు దేనివల్ల వచ్చిందో చెప్పలేమనింది. పురుగుమందుల్లో, థిన్నర్‌లో, సీసంలో పనిచేసినోళ్ళకు కొంచెం ఎక్కువగా వస్తాదంట, అదికూడా గట్టిగా కాదంట. నీళ్ళు తాగినోళ్ళకు వస్తాదని ఎవురూ చెప్పలా. ఏకాంబరం మామా, నీ ఏలు ఊరికే అదరతా ఉంటాది. భయముంటే ఆస్పత్రికి నేనే తోడొస్తా. తాగేది, తినేది ఈ డ్రమ్ముల్లో పెట్టొద్దని మాత్రం నిజంగానే చెప్పింది. ఆ మాట అబద్ధం గాదు."

"నీ అబద్ధానికీ నిజానికీ మధ్యన నా పిండి పురుగు పట్టేటట్టుండాది," అంది మునియమ్మ. గొంతులో పొద్దున్నటి సన్నదనం పోయి పాత గరుకు తిరిగొచ్చింది. "సరే, డ్రమ్ము వద్దు. దేంట్లో పెట్టేది? నా నెత్తినా? యాడ చూసినా ఇవే గదా ఉండాయి ఈ వీధిలో!"

"ఇన్నేండ్లు తాగించి ఇప్పుడా చెప్పేది," అని పాలపొడి తల్లి చంకలో బిడ్డను సర్దుకుంది. దామోదరం వైపు ఒక చూపు చూసి వెళ్ళిపోయింది. ఆమె వెనక ఇంకొందరు. ఆయన తల దించుకోలేదు, ఆమె మలుపు తిరిగేదాకా చూస్తూనే నిలబడ్డాడు.

అప్పుడు పెరటి వాకిట్లోకి కోకిల వచ్చింది. నడుం మీద తన పెళ్ళినాటి ఎవర్‌సిల్వర్ స్టీలు గుండిగ, అటకమీదనుంచి దింపింది, బూజు కూడా సరిగా తుడవలేదు. మునియమ్మ ముందు ఠంగుమని పెట్టింది.

మునియమ్మ దాన్ని, ఆమెను మార్చి మార్చి చూసింది. "ఇది యాడ చాలతాది మే?"

"నీ అటక మీద లేదా ఒకటి? నీ కోడలికి పెట్టింది? దాచుకోని ఏం జేస్తావు, మనవడి పెండ్లిలో తూకానికి ఏస్తావా?"

మునియమ్మ పళ్ళు కొరికింది. అయినా ఇంట్లోకే నడిచింది. తర్వాత ఏకాంబరం పోయాడు, కాలు తిమ్మిరామె పోయింది, కుంటకుండానే పోయింది. ఇంటింటి అటకల మీదనుంచి గుండిగలు, అడుక్కు పేర్లు చెక్కిన బిందెలు, పాల క్యాన్లు దిగాయి. పొద్దు వాలకముందే మునియమ్మ మోచెయ్యి పిండిలో ఉంది, తిట్లు గాలిలో ఉన్నాయి.

చందన తండ్రిని గడప దగ్గర కుర్చీలో కూర్చోబెట్టిందో లేదో, వీధి చివరనుంచి దడదడమని శబ్దం. ఏకాంబరం తన డ్రమ్మును దొర్లించుకుంటూ వస్తున్నాడు. "నీదే బావా, తీసుకో," అని వాకిట్లో నిలబెట్టి, తను కూడా పక్కనే నేలమీద కూర్చున్నాడు. తర్వాత ఇంకోటి. ఇంకోటి. కొందరు మెల్లిగా దించి, "ఎట్లుండావన్నా?" అని పలకరించి పోయారు. కొందరు దూరంనుంచే తన్ని వదిలేశారు. అవి వాకిట్లో తిరిగి తిరిగి గోడకు కొట్టుకున్నాయి. పాలపొడి తల్లి మొగుడు తెచ్చి పడేసి తిరిగిపోయాడు. వాకిలి నిండింది, మెట్లు నిండాయి. కోకిల పూలబుట్ట పెట్టుకోవడానికి చోటు లేదు. ఎటు చూసినా నీలం. చందన ఒకదాన్ని ఇటు జరిపి, ఇంకోదాన్ని అటు జరిపి, మళ్ళీ మొదటిదాన్నే జరుపుతోంది.

పాతసామాన్ల కొట్టు తంగరాజు మూడుచక్రాల బండి ఆపి తొంగిచూశాడు. "ఇన్ని డ్రమ్ములా! అన్నీ నేనే ఎత్తుకోనా అక్కా? పళ్ళిపట్టు పక్క నీళ్ళకు అల్లాడతా ఉండారు, కండ్లకద్దుకోని కొంటారు."

"ఎత్తుకో, ఎత్తుకో," అంది కోకిల, ఊపిరి పీల్చుకుని. "ఈ పీడ ఇప్పుడే పోనీ."

తంగరాజు మొదటి డ్రమ్ము మీద చెయ్యి వేశాడు.

"వద్...దు!"

అంత గట్టిగా ఆ గొంతు లేచి చాలా నెలలైంది. తంగరాజు చెయ్యి తీసేశాడు. దామోదరం ఇంటి పక్క సందులో ఆనించి ఉన్న గడ్డపార వైపు గడ్డం చాపాడు. చందనకు ఒక్క క్షణం అర్థం కాలేదు, అర్థం కాగానే పరుగెత్తింది.

డ్రమ్మును అడ్డంగా పడేసి అడుగున గడ్డపారతో పొడిచింది. ప్లాస్టిక్ లోపలికి నొక్కుకుని, గడ్డపారను వెనక్కి విసిరికొట్టింది. డ్రమ్ము దొర్లిపోయి తంగరాజు బండికి తగిలింది.

"ఏంది మా, యుద్ధమా?" అని తంగరాజు ఎగిరి పక్కకు దూకాడు. ఏకాంబరం పగలబడి నవ్వాడు. చందన డ్రమ్మును వెనక్కి తెచ్చి మళ్ళీ పొడిచింది, మళ్ళీ దొర్లింది. ఒళ్ళంతా చెమట, కళ్ళనిండా నీళ్ళు, పళ్ళ మధ్యనుంచి తిట్లు.

"ఇ...టు," అన్నాడు దామోదరం.

కుర్చీ ముందుకు తెచ్చింది. ఆయన కుడికాలు ఆడలేదు. ఎడమకాలు ఇంకా మాట వింటోంది. మెల్లిగా ఎత్తి డ్రమ్ము పొట్టమీద మోపాడు. మడమ నొక్కాడు. డ్రమ్ము కదలడం మానేసింది. ఈసారి గడ్డపార టప్పుమని దిగింది, అడుగున పిడికిలంత బొక్క పడింది. తంగరాజు నాలుక చప్పరించి బండి తిప్పుకున్నాడు. కోకిల కూర్చుని పూలు కట్టడం మొదలుపెట్టింది, కాసేపటికి లేచి ఇంకో డ్రమ్మును తనే కాలితో ముందుకు తోసింది.

అట్లా ఎన్ని పొడిచిందో చందన లెక్క పెట్టలేదు. వీధిదీపాలు వెలిగే వేళకు మునియమ్మ వచ్చింది, మోచేతుల దాకా పిండి, పెరట్లో ఉన్న డ్రమ్ముల్లో ఒకదాన్ని తన్నుకుంటూ.

"నాకు గుడ్డలు నానబెట్టుకునేదానికైనా ఒకటి మిగల్చవా మే?"

"నానబెట్టుకో అత్తా. బొక్క పెట్టినాక."

"పొగరు చూడు దీనికి! దామోదరన్నా, దీన్ని ఎట్ల పెంచినావయ్యా నువ్వు!" అని అరిచి, అరుస్తూనే డ్రమ్మును పడేసి, ఆయన కాలికి అందేలా ముందుకు దొర్లించింది. దామోదరం మడమ ఎత్తాడు. వణికింది. ఇంకోసారి ఎత్తాడు. పడింది, నిలబడింది.

"ఊఁ," అన్నాడు.

చందన గడ్డపార ఎత్తింది.